చుట్టచుట్టిన స్వర్గం

మొదట్లో బారెంట్ చేతిలో ఉన్నది తెరచాప గుడ్డ. ఏ ఓడకైనా పనికొచ్చే గట్టి గుడ్డ.

దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ నాటకశాలకు వాటా మీద ఇచ్చాడు. వాళ్ళు దాని మీద స్వర్గం గీయించారు. దేవుడి మీద తిరగబడ్డ దేవదూతలు ఆ మబ్బుల్లోంచే కింద పడతారు. నాటకం ఆడినన్నాళ్ళూ బారెంట్‌కు వాటా వస్తుంది.

రెండు ఆటలు పడ్డాయి. అంతే, నగరపెద్దలు ఆపేశారు. దేవదూతలను వేదిక ఎక్కించడం పాపమని పాస్టర్లు గోల పెట్టారట.

ఇప్పుడు బారెంట్‌కు మిగిలింది రంగు పూసిన గుడ్డ. దాన్ని ఏ ఓడవాడూ ముట్టుకోడు.

నాటకశాల వెనక, కాలువ గట్టున, పళ్ళు కొరుకుతూ ఆ గుడ్డ చుట్టలను పడవలోకి దొర్లిస్తున్నాడు.

"అయ్యా, ఆ స్వర్గం ఇదేనా?"

తల తిప్పి చూశాడు. నల్లటి పొడుగు అంగీ. పాస్టరే. మెడకు పాస్టర్లు కట్టుకునే తెల్లపట్టీ మాత్రం లేదు.

బారెంట్ ఒళ్ళు మండిపోయింది.

"మెడపట్టీ ఏదీ? జనం గుర్తుపట్టి తంతారని జేబులో దాచుకొచ్చావా?"

"ఇప్పుడది నా దగ్గర లేదు."

"పారేసుకున్నావా? బుద్ధిని కూడా దాంతోపాటే పారేసుకున్నట్టున్నావు!"

పడవవాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఒక్కసారి విప్పి చూపిస్తారా? నేను ఆ నాటకం చూడలేదు."

"చూడకుండానే ఆపించారన్నమాట! మీ గోలకు ఎవరి కడుపు కాలిందో తెలుసా? నా ఒక్కడిదే కాదు. ఆటల మీద లాభం వస్తేనే అనాథాశ్రమం పిల్లలకు రొట్టె. పో, పోయి వాళ్ళకు నీ ప్రసంగం వడ్డించు!"

"మీరన్నది నిజం. నేనూ అదే..."

"నిజమేనట! వినండ్రా, ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు!"

అతను చుట్టల వైపే చూస్తున్నాడు.

"దూతలు ఎక్కడినుంచి పడతారో, ఆ చోటు ఒక్కటి చూపించండి చాలు. వెళ్ళిపోతాను."

"పడడం చూడాలా? ఇదిగో చూడు!"

రెండు చేతులతో తోశాడు. అతను కరిగిన మంచులో, బురదలో వెల్లకిలా పడ్డాడు. పడవవాళ్ళు పగలబడి నవ్వారు.

అతను మెల్లగా లేచాడు. టోపీ దులుపుకున్నాడు. చుట్టలను మరొక్కసారి చూసి, వంతెన దాటి వెళ్ళిపోయాడు.

కాసేపటికి నాటకశాల తాళాలు చూసుకునే మాక్టెల్ట్ ఆయాసపడుతూ వచ్చింది.

"బారెంట్ గారూ, అప్పుడే చుట్టేశారా? ఒకాయన వస్తారు, విప్పి చూపించండని చెబుదామని పరుగెత్తుకొచ్చాను."

"ఒక పాస్టరు వచ్చాడులే. బురదలో కూర్చోబెట్టి పంపించాను. ఈ బేరంలో నాకు దక్కిన లాభం అదొక్కటే!"

మాక్టెల్ట్ నవ్వలేదు.

"ఆయన మెడకు పట్టీ ఉందా?"

"లేదు. దాచుకొచ్చాడు దొంగ."

ఆమె తడి గుడ్డ చుట్ట మీద కూలబడింది.

"పట్టీ ఉన్న పాస్టరు మా నాటకశాల గడప తొక్కకూడదు, ఇవాళ తొక్కొచ్చు కదా అని వచ్చారు పాపం. ఈ నాటకం ఆపొద్దని పాస్టర్ల సభలో లేచి నిలబడింది ఆయనొక్కరే బారెంట్ గారూ, అందుకే పొద్దున ఆ పట్టీ పీకేసి బయటికి గెంటారు."