రాయికి కట్టిన ఆకు

“అది చచ్చిపోతే?” అంది తల్లి.

అక్వేరియం షాపతను ఇంకా తొట్టె కూడా బయటికి తీయలేదు. కూతురు నెత్తి కొట్టుకుంది. తండ్రి తనకేమీ పట్టనట్టు చేపల వైపు తిరిగి నిలబడ్డాడు. నిజానికి ఈ గొడవ తెచ్చిపెట్టింది ఆయనే.

పిల్లకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. గది తీసుకుని ఒక్కతే ఉంటానంది. ఇంట్లో అందరూ ‘అలారం’ అని పిలుచుకునే తల్లి, ఆ మాట విన్న దగ్గర్నుంచీ మోగుతూనే ఉంది. గ్యాసు లీకవుతుంది. బాత్రూంలో కాలు జారుతుంది. గడియ వేయడం మరిచిపోతుంది, దొంగ వస్తాడు, వాడు వెళ్ళాక కూడా ఇది గడియ వేయదు.

భయానికి ఆధారాలు లేకపోలేదు. పిల్ల పొద్దెక్కితే గాని లేవదు. బూటు లేసు ముడి వేస్తే వీధి చివరిదాకా నిలవదు. నీళ్ళే అక్కర్లేని బ్రహ్మజెముడుని కుండీలో ఎండబెట్టి చంపిన చేతులు దానివి.

చివరికి తండ్రి రాజీ కుదిర్చాడు. ప్రాణమున్నది ఏదో ఒకటి ఆ గదిలో పెంచి చూపించాలి. అది బతికితే పిల్ల అక్కడ. చస్తే పిల్ల ఇక్కడ.

“దీన్ని లివర్‌వర్ట్ అంటారమ్మా, నాచులాంటి నీటిమొక్క,” అన్నాడు షాపతను, ఆకుపచ్చ చింపిరి జుట్టులాంటిదాన్ని గిన్నెలోంచి పైకెత్తి. “చంపాలంటే పనిగట్టుకుని చంపాలి.”

దానికి వేళ్ళుండవట. మట్టి అక్కర్లేదట. దారంతో రాయికి కట్టి నీళ్ళలో దించితే చాలట. చిన్న లైటు, వారం వారం కాసిని కొత్త నీళ్ళు, గుబురు పెరిగితే కత్తెర. అంతకు మించి సేవ చేయొద్దన్నాడు. పేరులోనే లివర్ ఉంది, ముట్టుకుంటే ఏం రోగమోనని తల్లికి అనుమానం.

ఇంటికి రాగానే కుట్టుమిషను ముందు కూర్చుంది. మోచేతిదాకా వచ్చే రబ్బరు గ్లవ్‌కి భుజందాకా గుడ్డ అతికి, పైన ఎలాస్టిక్ వేసింది. అది తొడుక్కోకుండా ఆ నీళ్ళలో వేలు కూడా పెట్టనని కూతురి చేత ఒట్టు వేయించుకుంది. పిల్ల గదిలో తొట్టె ముందు, ఇంటి నుంచే ఫోన్లో చూస్తూ మాట్లాడేలా, కెమెరా కూడా పెట్టించింది. గదంతా కనపడేలా పెట్టమంటే మాత్రం పిల్ల ఒప్పుకోలేదు.

“చూడాల్సింది ఆకుని. నన్ను కాదు,” అంది.

మొదట్లో ఆకుకి పోయేకాలం వచ్చినట్టే కనిపించింది. దారం ఊడిపోయేది. తునకలు తొట్టె నిండా తేలేవి. మిగిలిందేమో పసుపు తిరిగింది. తల్లి పెట్టె సర్దడం కూడా మొదలుపెట్టింది, వెళ్ళి పిల్లని తెచ్చేసుకుందామని.

అంతలో ఏమైందో ఏమో, పిల్ల దారిలో పడింది.

తెల్లవారేసరికి తొట్టెలో లైటు వెలిగేది. గ్లవ్ తొడిగిన చెయ్యి నెమ్మదిగా నీళ్ళలోకి దిగేది. వదులైన చోట దారం బిగించి ముడి మీద ముడి వేసేది. కత్తిరించిన తునకల్ని ఒక్కటీ వదలకుండా ఏరేది. చూస్తుండగానే రాయి కనపడనంత పచ్చగా గుబురు కమ్ముకుంది.

ఆ రోజుల్లోనే కెమెరా మైకు చెడిపోయింది. అమ్మ మాట అటు వినపడుతుంది గాని తన మాట ఇటు వినపడదని కూతురు ఫోన్లో చెప్పింది. దాంతో ఇబ్బందేమీ రాలేదు. బొటనవేలు లేస్తే సరే. చూపుడువేలు ఊగితే వద్దు.

తల్లి రోజూ ఆ చేతితోనే కబుర్లు చెప్పేది. ఇంట్లో ఉన్నప్పుడు రెండో మాటకే తలుపేసుకునే పిల్ల, ఇప్పుడు ఆసాంతం వినేది. తండ్రి గురక, పక్కింటావిడ టెక్కు, అన్నీ. తన మోకాలి నొప్పి మాటెత్తితే చెయ్యి పని ఆపి, అయ్యో పాపం అన్నట్టు గాజు మీద మెల్లగా తట్టేది.

“ఒళ్ళు కూడా చేసిందండీ. వదులుగా కుట్టిన ఎలాస్టిక్ బిగిసిపోతోంది,” అని మొగుడికి చెప్పి మురిసిపోయింది.

“పొద్దున్నే నీ మాటలు వింటే ఎవరికైనా వాపొస్తుంది,” అన్నాడాయన.

బెంగ ఒక్కటే. పొద్దున చెప్పింది సాయంత్రం ఫోన్లో అడిగితే కూతురికి గుర్తుండేది కాదు. మోకాలు ఎలా ఉందో అడగవేమే అంటే, ఏ మోకాలు అనేది. ఈ వయసుకే ఇంత మతిమరుపైతే రేపు ఇంటిదారి కూడా మరిచిపోతుందని తల్లి హడలిపోయింది. ఇక ఆలస్యం చేయకుండా దీన్ని ఒకరి చేతిలో పెట్టాలనుకుంది.

ఒక పొద్దున ఫోన్లో కెమెరా తెరిచి గొంతు సవరించుకుంది.

“చూడు తల్లీ. ఆదివారం నేనూ మీ నాన్నా వస్తున్నాం. మాతో ఒక అబ్బాయి వస్తాడు. నెమ్మదస్తుడు, ఎదురు మాట్లాడడు. నీకు నచ్చితే ఖాయం చేసేద్దాం.”

చెయ్యి ఆగిపోయింది. కత్తెర జారి అడుక్కి పోయింది.

“ఏమే?”

బొటనవేలు లేవలేదు. చూపుడువేలు ఊగలేదు. గ్లవ్ నీళ్ళలో కొయ్యలా నిలబడిపోయింది.

తల్లి కరెంటు కొట్టిందనే అనుకుంది. లైటు ఆపమని, చెయ్యి బయటికి తీయమని మొత్తుకుంది. తండ్రి తడబడుతూ చొక్కా తిరగేసి తొడుక్కుంటున్నాడు.

“ఒక్కసారి పలకవే నా తల్లీ. పలక్కపోతే ఇప్పుడే బయల్దేరుతున్నాం.”

గ్లవ్ చెయ్యి నీళ్ళలోంచి బయటికొచ్చి కెమెరా వెనక్కి వెళ్ళింది. తర్వాత, నెలల తరబడి చెడిపోయి ఉన్న ఆ మైకు మెల్లగా గరగరమంది. ఒక మగగొంతు, ఎంతో వినయంగా, పలికింది.

“మీ అమ్మాయి రోజూలాగే ఇంకా నిద్ర లేవలేదు, అత్తయ్యగారూ.”