కమలవ్వ నింపిన సీసా

సీసా మూత తీయగానే కుళ్లు వాసన గుప్పున కొట్టింది. ఉచ్చలో చీము తీగలు తీగలుగా తేలుతోంది. నిజాం జమానా నుంచీ సిరిసిల్ల నేతవాడల్లో నర్సుగా తిరుగుతున్నదాన్ని, నాక్కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పలేదు.

“ఏడో నెల! ఇన్ని దినాలు ఎందుకు దాచినవ్, అనసూర్యా? జెరమెక్కితే కడుపు నిలుస్తదా?”

గోడకానుకుని చలిజ్వరంతో వణుకుతున్న అనసూర్య కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. పక్కనున్న అత్త కమలవ్వ అందుకుంది.

“నీళ్లు తాగకు అంటే వినది, నర్సమ్మా. మంట మంటని గడికోసారి ఉచ్చకని మగ్గం ఇడిసి లేస్తది. ఛీ, సిగ్గుండొద్దా?”

“గా సీసల ఉన్నది నాది కాదు,” అనసూర్య సన్నగా అంది. “అత్తనే నింపింది.”

నేను కమలవ్వ వైపు తిరిగాను.

“మరేం జెయ్యాలె?” గయ్యిమంది ఆమె. “కడుపుతోటున్నదాని ఉచ్చ బయటికిస్తే ఎవలన్న బాణామతి చేస్తే? ఎవలిదైతేంది, అందరాడోళ్లది ఒక్కతీరే ఉంటది గద!”

“అంటే గీ చీము నీదా? నీకు మంట లేదా?”

“ఎందుకు లేదు? పెద్దోడు కడుపుల పడ్డప్పటి సంది ఉన్నది. ఆడోళ్లకు ఉండదా?”

ఆ పెద్దోడే అనసూర్య మొగుడు.

“ఉండదవ్వా. అది రోగం. నీ కోడలిదీ గదే అయ్యుంటది.”

కమలవ్వ సీసాలోకి వంగి చూసింది. అప్పటిదాకా ఏ వాసనా పట్టని మనిషి, కొంగుతో ముక్కు మూసుకుంది. రెండో చేత్తో బల్లమీది ఖాళీ సీసా తీసి కోడలికిచ్చింది.

“ఇండ్ల నీదే నింపు. ముందుగాల నీళ్లు తాగు,” అంది.