వెనక్కి వాలు

కొడుకు శవపేటిక కోసం శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు దగ్గర నిలబడ్డ చెన్నయ్య, దుబాయి కంపెనీ పంపిన కాగితాన్ని తనకు తోడుగా వచ్చిన, ఊళ్లో ఇంగ్లీషు చెప్పే ఒవైస్ చేతికిచ్చాడు.

ఒవైస్ మెల్లగా చదివాడు. “పదో అంతస్తుల అద్దాలు తుడుస్తుంటే పడ్డడట కాకా. ‘లీన్’ అయిండని రాసిండ్రు. తప్పు నీ కొడుకుదేనట.”

“గా మాటకు అర్థమేంది సారూ?”

ఒవైస్ ఫోన్లో నిఘంటువు తెరిచాడు. “వాలుడు. ఆనుకునుడు. నమ్ముకునుడు గూడ. శానా పాత మాట కాకా. నిచ్చెనకున్న ఇంగ్లీషు పేరు గూడ గా మూలంలకెళ్లే పుట్టిందట.”

“ఎటు వాలిండు?”

“వెనక్కి. నడుముకు బెల్టు తగిలించుకున్ననో లేదో గూడ చూసుకోలేదట.”

చెన్నయ్య తన నడుము చుట్టూ చేయి తిప్పి చూపించాడు.

“తాటిచెట్టెక్కుడు నేర్పింది నేనే సారూ. చెట్టునూ నడుమునూ కలిపి మోకు చుట్టిన. పైన భయమైతే చెట్టును కరుచుకోకు, వెనక్కి వాలు, మోకు ఆపుతది అని చెప్పిన.”

గేటు తెరుచుకుంది. లోపలి నుంచి ఎవరో కొడుకు పేరు పిలిచారు.

“భయమైనట్టుంది పోరనికి,” అన్నాడు చెన్నయ్య.