జడ వేసే చేతులు

స్టెరాయిడ్ మాత్రలు ఆపేసిన కొద్దిరోజులకే హైమవతికి కీళ్లవాతం తిరగబెట్టింది. ఆ ఉదయం వేళ్లు వంగలేదు. మణికట్టుకున్న స్మార్ట్ పట్టీ వాపును పసిగట్టి డాక్టరుకు కబురు పంపింది. అందరి ఇళ్లలో లాగే గోడకున్న రోబో చేతులు ఆమెకు కాఫీ తాగించి, జడ వేయబోయాయి.

ఆమె వద్దని, దువ్వెన తీసుకుని ఎదురింటి తలుపు తట్టింది.

ఝాన్సీ కంగారుగా తలుపు తీసింది. "మీ రోబో పాడైందా ఆంటీ?"

"బాగానే ఉందమ్మా. నొప్పులు మళ్లీ మొదలయ్యాయి. కాస్త జడ వేస్తావా?"

"నాకు రాదాంటీ. నాకూ రోబోనే వేస్తుంది."

"నేను చెబుతాగా."

ఝాన్సీ తడబడుతూ జుట్టు మూడు పాయలు చేసింది. మనిషి చేయి తగిలి ఎన్నాళ్లయిందో హైమవతికి గుర్తులేదు. వెచ్చని వేళ్లు మెడకు తాకగానే కళ్లలో నీళ్లు తిరిగి, ముక్కు ఎగబీల్చింది.

"నొప్పెట్టిందా ఆంటీ?"

"లేదు. మెల్లగా వెయ్యి, తొందరేం లేదు."