వడపోత గుడ్డ

లక్ష్మీదేవమ్మను చంపింది దానియేలు. ఈ సంగతిలో ఈశ్వరయ్యకు అనుమానమన్నది లేదు. తాగే నీళ్ళు వడగట్టుకోమని సర్కారు ఇంటికో మంచి గుడ్డ పంపితే, ఊరి ఆరోగ్య కార్యకర్త దానియేలు తమ ఇంటికి మాత్రం ఏదో పేలిక ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. దిగుడు బావి నీళ్ళలో ఉండే నలుసంత పురుగు ఆ పేలిక దాటి కడవలోకి దిగింది. ఏడాది తిరిగేసరికి లక్ష్మీదేవమ్మ మడమలోంచి నారి పురుగు తల బయటపెట్టింది. పుల్లకు చుట్టి లాగుతుంటే లోపలే తెగింది. పుండు చెడి, ధనుర్వాతం కమ్మి, పన్నెండో రోజున ఆమె పోయింది.

ఈ మాట ఎవరో ఒక పెద్ద అధికారి ముందు చెప్పాలని ఈశ్వరయ్య ఆరు నెలలుగా కాచుకున్నాడు. ఆ ఉదయం జీపు వచ్చి తన వాకిట్లోనే ఆగింది.

వీధి పొడుగునా మగ్గానికెక్కించాల్సిన పడుగు చాచి ఉంది. ఈశ్వరయ్య కుంచెతో పోగులకు గంజి పట్టిస్తున్నాడు. అరుగు మీద అక్క భీమమ్మ గంజి వడగట్టి అందిస్తోంది. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కుతుంది. అయినా కుంచె పక్కన పెట్టాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు గడప మీద తారుతో రాసిన నంబరు చూసి తన రిజిస్టరుతో సరిపోల్చుకున్నాడు. నాలుగు బై పదిహేడు. ఈ రోగాన్ని ఇప్పుడు ప్రపంచమంతా లెక్కపెడుతోందని చెప్పాడు. మూడేళ్ళు ఒక్క కేసూ లేకపోతే దేశం పేరు జాబితాలోంచి కొట్టేస్తారట. ఈ చుట్టుపట్ల పోయినేడు కేసు వచ్చింది ఈ ఒక్క ఇంట్లోనే. ఎందుకు వచ్చిందో రాసి పంపితే అది ఢిల్లీకి, అక్కడి నుంచి విదేశాలకు పోతుందట.

"రాయండి సారూ," అన్నాడు ఈశ్వరయ్య. "వాని పేరు రాయండి."

దానియేలు సర్కారిచ్చిన మందుల సంచీ భుజానికి తగిలించుకుని జీపు పక్కన నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఈశ్వరయ్య లోపలికి పోయి, నీళ్ళ కడవ మూతికి కట్టిన గుడ్డను విప్పి తెచ్చాడు. రెండు చేతులతో ఎండకేసి పట్టాడు. అవతలి ఇంటి పెంకులు దాంట్లోంచి కనిపించాయి.

"పుట్టిన కాణ్నుంచి పోగులే లెక్కవెట్టిన సారూ. ఇది గుడ్డ గాదు, జల్లెడ."

దానియేలు దగ్గరికి వచ్చి గుడ్డను నాలుగు మూలలా తిప్పి చూశాడు. "ఇది నేనిచ్చింది గాదన్నా. నేనిచ్చిన ప్రతి గుడ్డ మూలకు నీలి సిరాతోని ఇంటి నంబరు ఏసిన. దీని మీద ఏది?"

"నంబరున్నది పెబ్బేరు సంతల అమ్ముకున్నవు. లేనిది మా మొగాన కొట్టినవు."

గుడ్డ ముట్టినట్టు లక్ష్మీదేవమ్మ వేలిముద్ర రిజిస్టరులో ఉందని డాక్టరు చూపించాడు. ఈశ్వరయ్య దాని వంక చూడనైనా చూడలేదు. చదువురాని ఆడమనిషి, వేలు పట్టుకుని ఎక్కడ ఒత్తమంటే అక్కడ ఒత్తుతుందన్నాడు. నిజమేందో అడుగుదామంటే ఇప్పుడు ఆ వేలు లేదన్నాడు.

"పన్నెండు దినాలు వదినె పుండు కడిగిన నేను," అన్నాడు దానియేలు.

"చేసిన పాపం కడుక్కున్నవు."

డాక్టరు కలం మూత తీశాడు. "గుడ్డ ఇవ్వలేదని రాస్తే ఇతని ఉద్యోగం పోతుంది, పెద్దాయనా. ముగ్గురు పిల్లలట. ఆలోచించుకుని చెప్పండి."

"నా ఇంటామెనే పోయింది. వాని నౌకరి పోతే ఏంది?"

డాక్టరు రాశాడు. ఈశ్వరయ్య కాగితం చిరిగేంత గట్టిగా, ఊరి బడిలో నేర్చిన అక్షరాలతో సంతకం పెట్టాడు. దానియేలు సంచీ తీసి జీపులో పెట్టాడు. తను ఎక్కలేదు. రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఈశ్వరయ్య కుంచె కోసం అరుగు దగ్గరికి వచ్చాడు. భీమమ్మ గంజి గుడ్డను నీళ్ళలో ముంచి పిండుతూ తనలో తాను గొణుక్కుంటోంది. "ఎంత మంచి గుడ్డ. గీ నీలి మచ్చ ఒక్కటే, ఎన్నిసార్లు పిండినా పోదు."

ఆమెకు చదువు రాదు. ఈశ్వరయ్యకు వచ్చు. గంజి వదిలిన మూలన అంకెలు తేలాయి. నాలుగు బై పదిహేడు.

"యాడిదక్కా ఇది?"

"మరదలిదే, తమ్మీ. గంజిల ఉండలున్నయని నువ్వు కుండను వీధిలకు తన్నినవు సూడు, ఆ మరునాటి సంది దీంతోనే వడబోస్తుండె. నీళ్ళకు ఏ గుడ్డయితేంది, ఆయన పోగు తెగొద్దు అనేది."

జీపు కదలబోతూ ఆగింది. డాక్టరు తల బయటికి పెట్టి అడిగాడు. "ఇంకేమైనా చెప్పేదుందా, పెద్దాయనా?"

రోడ్డు మీంచి దానియేలు ఇటే చూస్తున్నాడు.

ఈశ్వరయ్య అక్క చేతిలోంచి గుడ్డ లాక్కుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి, గంజి కుండ అడుగున కుక్కాడు.

"ఏం లేదు సారూ," అన్నాడు. "ఇగ ఈ ముచ్చట సచ్చేదాకా నా నోట రాదు."