టోపీ కింద గుళిక

ఎవరు ఏ భాషలో మాట్లాడినా మన భాషలో వినిపించే అనువాద గుళికల్ని చెవిలో పెట్టుకుని జనం దేశాలు తిరిగే రోజులవి. కాకినాడ దంపతులు విశ్వంభర్, హైమ నార్వే వెళ్లారు. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో పడవ దిగి, వానలోనే కొండదారి పట్టారు. దారి చూపే అక్కడి ఆవిడ టోరిల్‌కు అరవై దాటాయి. కుంటుతూ ముందు నడుస్తోంది.

"ఈ కుంటిది మనల్ని పైకి చేర్చేసరికి తెల్లారిపోద్ది," అని నవ్వాడు విశ్వంభర్. ఆమె ఉన్ని టోపీ చెవుల్ని కప్పేయడంతో గుళిక కనబడక, లేదనుకున్నాడు.

"ఊరుకోండి, బాగోదు," అంది హైమ.

కాసేపటికి నాచు పట్టిన బండ మీద అతని కాలు జారింది. కింద లోతైన నీళ్లు. టోరిల్ చటుక్కున తిరిగి అతని మణికట్టు పట్టుకుని పైకి లాగింది.

"జాగ్రత్తండీ. ఇలాగే ఒకాయన్ని పట్టుకోబోయి నేను కుంటిదాన్నయ్యాను," అన్న ఆమె మాట అతని చెవిలో తెలుగులో పలికింది.

విశ్వంభర్ తలెత్తలేకపోయాడు. టోరిల్ టోపీ పైకి జరిపి, తన గుళిక తీసి జేబులో వేసుకుంది.

"ఇక మీరిద్దరూ మొహమాటం లేకుండా మాట్లాడుకోండి."

"క్షమించండమ్మా," అన్నాడతను.

ఆమెకు అర్థం కాలేదు. ఇంకెంత దూరమని అడుగుతున్నాడనుకుని, నవ్వుతూ కొండ పైకి చెయ్యి చూపించింది.