చెల్లి గిన్నె

ఒంటెపాలు పూర్తిగా తాగితేగానీ అమ్మమ్మ మమ్మల్ని గుడారం దాటనివ్వదు. మొండికేస్తే కాలివేళ్లని రెండు పుల్లల మధ్య పెట్టి నొక్కుతుంది. మా మౌరిటానియాలో ఆడపిల్ల అందమంతా లావులోనే మరి.

అమ్మమ్మ దగ్గరికి వచ్చిన కొత్తలో నేను పాలన్నీ ఇసుకలో ఉమ్మేసేదాన్ని. తర్వాత చెల్లి ఎమ్తీని కూడా తీసుకొచ్చారు. పాలపళ్లైనా ఊడని పిల్ల. గిన్నె చూస్తేనే దానికి వాంతి వచ్చేది.

"అక్కా, నావల్ల కాదే."

"ఏడవకు. అమ్మమ్మ అటు తిరగ్గానే ఇటు తొయ్యి."

అమ్మమ్మ టీ కాచుకోవడానికి అటు తిరగ్గానే నా గిన్నెతోపాటు దాని గిన్నె కూడా గటగటా తాగేసేదాన్ని. కడుపు పగిలిపోతున్నా, దాని వేళ్లు నలగలేదు కదా, అదే చాలనుకునేదాన్ని.

ఇవాళ పెళ్లివారు వచ్చి నన్ను చూసి ఖాయం చేసుకున్నారు. వాళ్లు వెళ్లాక లేవబోతే మోకాళ్లు నన్ను మోయలేకపోయాయి.

అమ్మమ్మ నా చేతి మడతలు మురిపెంగా నిమిరింది.

"అమ్మమ్మా, ఎమ్తీని ఇంటికి పంపెయ్యవా? ఎన్ని పాలు తాగినా దానికి ఒళ్లు రావట్లేదుగా."

అమ్మమ్మ పకపకా నవ్వింది.

"అది తాగిందెప్పుడే పిచ్చిదానా? పుల్లలకి లొంగని మొండిఘటానివి నువ్వు. అందుకేగా దాన్ని తెచ్చి నీ పక్కన కూచోబెట్టింది!"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పంపిస్తాలే. దాని వంతు వచ్చినప్పుడు చూసుకుందాం. అప్పటికి మీ అమ్మ ఒళ్లో చంటిది ఎదుగుతుందిగా."